క్రైస్తవ నాయకుల నియామకంలో దైవ సార్వభౌమత్వం

సంఘానికి కాపరిని ఎంచేది దేవుడేననీ, ఓటు, నియామకపత్రం ఆయన చిత్తానికి సాధనాలు మాత్రమేననీ చెప్పే క్రైస్తవ విశ్వాసం ఇది. రాజులను నిలిపేదీ తొలగించేదీ దేవుడేనన్న దానియేలు గ్రంథంలోని మాట (2:21) దీనికి ఒక ఆధారం. అపొస్తలుల్లో ఒకడైన ఇస్కరియోతు యూదా స్థానానికి యోసేపు బర్సబ్బా, మత్తీయలను నిలబెట్టి, ప్రార్థించి చీట్లు వేయగా మత్తీయ పేరు వచ్చింది (అపొస్తలుల కార్యములు 1). కొత్త నిబంధనలో చీట్లతో నాయకుణ్ణి ఎంచిన సందర్భం మళ్లీ కనిపించదు. తరువాత ఉపవాస ప్రార్థన, చేతులుంచి వేరుపరచడం ఆనవాయితీ అయ్యాయి.

శంషాబాద్ పేరున ఉన్న సీరో మలబార్ కాథలిక్ సంఘపు మేత్రాసనం ఈ విశ్వాసం చట్టరూపంలో పనిచేసే తీరుకు ఉదాహరణ. పోప్ ఫ్రాన్సిస్ 2017 అక్టోబరు 10న దీన్ని స్థాపించి మార్ రఫాయేల్ తట్టిల్‌ను తొలి బిషప్‌గా నియమించారు. 2024 జనవరిలో కాక్కనాడ్‌లో సమావేశమైన బిషప్పుల సినడ్ ఆయనను సీరో మలబార్ సంఘాధిపతి అయిన మేజర్ ఆర్చిబిషప్‌గా ఎన్నుకుంది. 1990 నాటి ప్రాచ్య సంఘాల ధర్మశాస్త్రం ప్రకారం ఇది రహస్య ఓటింగ్. గెలిచినవారి అంగీకారం, ఆపై పోప్ ధ్రువీకరణ తప్పనిసరి. జనవరి 10న ప్రకటన, 11న పీఠారోహణ జరిగాయి. ఆదిలాబాద్ బిషప్ మార్ ప్రిన్స్ ఆంటోనీ పాణెంగాడన్‌ను ఖాళీ అయిన శంషాబాద్ పీఠానికి ఎంపిక చేసినట్లు అదే ఏడాది ఆగస్టు 30న వెల్లడించారు.

ప్రొటెస్టెంట్ సంఘాల్లో పద్ధతులు వేరు. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో డయాసిస్ కౌన్సిల్ ప్యానెల్‌ను ఎన్నుకుంటే, అందులోంచి బిషప్‌ను సినడ్ స్థాయిలో ఖరారు చేస్తారు. బాప్టిస్టుల్లో స్థానిక సంఘమే పాస్టరును పిలుస్తుంది.