పెంపుడు పిల్లుల నియంత్రణ పట్టెడలు

పెంపుడు పిల్లి బల్లలపైకి, అలమారలపైకి, గోడలపైకి దూకకుండా దాని మెడకు తగిలించే సాధనాలను నియంత్రణ పట్టెడలు అనవచ్చును. వాడుకలో వీటిని కాలర్లు అంటారు. యజమాని చిరునామా తెలిపేందుకు కట్టే సాధారణ పట్టెడ వీటికి భిన్నమైనది. నియంత్రణ పట్టెడలను వాడవచ్చునా, కూడదా అనే విషయంలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి.

పిల్లి దూకడానికి కారణాలు

పిల్లి (శాస్త్రీయ నామం: ఫెలిస్ కాటస్) వేటాడే జంతువు. అదే సమయంలో తనకంటే పెద్ద జంతువులకు ఆహారం కాగలదు కూడా. అందువలన పరిసరాలను గమనించుటకు, ఆపద నుండి తప్పించుకొనుటకు ఎత్తైన చోటును ఆశ్రయిస్తుంది. బలమైన వెనుక కాళ్ళు, సులభంగా వంగే వెన్నెముక దీనికి తోడ్పడతాయి. కనుక దూకడం దుర్గుణం కాదు, సహజ ప్రవృత్తి. పూర్వం తెలుగువారి వంటిళ్ళలో పాలు, పెరుగు కుండలను ఉట్టిపై ఉంచేవారు. పిల్లిని కట్టివేయుటకు బదులు పాలను దానికి అందకుండా చేయడమే ఇందులోని ఉపాయం.

రకాలు

* తాడు లేదా గొలుసుతో ఒకచోట కట్టివేసే పట్టెడలు.
* నిషేధించిన చోటికి చేరువైనపుడు విద్యుత్ ఘాతం ఇచ్చే ఎలక్ట్రానిక్ పట్టెడలు.
* శబ్దం, ప్రకంపన లేదా ఘాటైన వాసన గల తుంపరలతో హెచ్చరించే పట్టెడలు.

శస్త్రచికిత్స తరువాత పశువైద్యులు తొడిగే గరాటు ఆకారపు ఎలిజబెత్ కాలర్ ఈ కోవకు చెందదు. పిల్లి తన గాయాన్ని నాకకుండా ఆపడమే దాని ప్రయోజనం.

ప్రమాదాలు

కట్టివేసిన పిల్లి ఎత్తునుండి దూకితే తాడు బిగుసుకొని ఊపిరాడక మరణించవచ్చును. వదులుగా ఉన్న పట్టెడలో ముందు కాలు గాని, క్రింది దవడ గాని చిక్కుకొని చంక వద్ద, నోటి వద్ద తీవ్రమైన గాయాలు ఏర్పడతాయి. విద్యుత్ ఘాతం తగిలినపుడు పిల్లి ఆ నొప్పికి కారణం బల్ల అని కాక, ఆ క్షణంలో ఎదురుగా ఉన్న మనిషో, మరొక పిల్లో అని భావించే అవకాశం ఉన్నది. దీనివలన భయం, దాగికొనడం, రక్కడం వంటి కొత్త సమస్యలు తలెత్తవచ్చును.

అనుకూల వాదన

రోడ్డు ప్రమాదాల నుండి పిల్లిని కాపాడుటకు ఎలక్ట్రానిక్ సరిహద్దు ఉపయోగపడుతుందని కొందరి వాదన. 2016లో ఇంగ్లాండులోని లింకన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, అటువంటి సరిహద్దులో దీర్ఘకాలం పెరిగిన పిల్లుల సంక్షేమం దెబ్బతిన్నట్లు కనబడలేదు. అయితే ఆ అధ్యయనం తోట సరిహద్దుకు సంబంధించినదే గాని, ఇంటిలోని బల్లలపైకి దూకడం గురించి కాదు.

చట్టాలు

వేల్స్‌లో 2010లో కుక్కలకు, పిల్లులకు విద్యుత్ ఘాత పట్టెడల వాడకాన్ని నిషేధించారు. తయారీదారుల పక్షం హైకోర్టులో వేసిన సవాలు అదే సంవత్సరం వీగిపోయింది. భారతదేశంలో జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం, 1960 లోని 11వ సెక్షన్ ప్రకారం జంతువుకు అనవసరమైన బాధ కలిగించడం, మరీ పొట్టి లేదా బరువైన గొలుసుతో అనుచితంగా ఎక్కువసేపు కట్టి ఉంచడం నేరాలు.

ప్రత్యామ్నాయాలు

* పిల్లి ఎక్కుటకు వేరొక ఎత్తైన పీట, అర లేదా గోకుడు స్తంభం ఏర్పాటు చేయడం. అక్కడ కూర్చున్నపుడు తినుబండారం ఇవ్వడం.
* వంట గట్టుపై ఆహారం వదలకుండా మూతపెట్టడం.
* ప్రతిరోజూ కొంతసేపు ఆడించడం.
* మేడలపై కిటికీలకు, బాల్కనీలకు వల బిగించడం. ఎత్తైన భవనాల నుండి పడిన 132 పిల్లులపై న్యూయార్క్ పశువైద్యుల అధ్యయనం 1987లో వెలువడింది. ఎముకలు విరగడం, ఊపిరితిత్తులు దెబ్బతినడం వాటిలో తరచుగా కనిపించాయి.
* బయట త్రిప్పవలసి వస్తే మెడకు కాక ఛాతీకి తొడిగే హార్నెస్ వాడి, వెంట ఉండడం.

గుర్తింపు పట్టెడ కట్టదలచినవారు లాగితే ఊడిపోయే రకాన్ని ఎంచుకోవాలి. మెడకు, పట్టెడకు నడుమ ఒకటి రెండు వ్రేళ్ళు దూరేంత సందు ఉండాలి. ఎముక విరిగిన పిల్లి దూకకుండా ఉండవలసినపుడు కూడా పట్టెడతో కట్టరాదు. పశువైద్యుని సలహాపై తగిన పంజరంలో విశ్రాంతి ఇవ్వడమే సురక్షితం.

ఇవి కూడా చూడండి

* పిల్లి
* పెంపుడు జంతువులు
* ఉట్టి