ముందు కుర్చీ ఎవరిది?



పెండ్లిమర్రి నుంచి కడపకు పోయినవాళ్లలో కోటిరెడ్డి సర్కిల్ చూడనివారు ఉండరు. ఆ కోటిరెడ్డి ఎవరని పోయిన వారం యువకుల కూడికలో అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. తప్పు పిల్లలది కాదు, చెప్పని పెద్దలది. కడప కోటిరెడ్డి గారు 1937 నవంబరు 16న మద్రాసులో శ్రీబాగ్ అనే ఇంట్లో కోస్తా పెద్దలు, సీమ పెద్దలు రాసుకున్న ఒప్పందంలో మన పక్షాన సంతకం చేసినవారిలో ఒకరు. 1946లో టంగుటూరి ప్రకాశం పంతులు గారు మద్రాసు ప్రభుత్వానికి పెద్ద అయినప్పుడు ఆయన మంత్రివర్గంలో మంత్రి. ఆ ప్రకాశం గారి గురించే ఈ వారం మనం ధ్యానించుకుందాం. పగవారిని పక్కన కూర్చోబెట్టుకోవడం ఎట్లా ఉంటుందో, దాని ఖరీదు ఎంతో ఆ కథలో ఉంది.

ప్రకాశం గారు 1872లో పుట్టారు. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో తుపాకులకు ఎదురుగా రొమ్ము చూపి నిలబడ్డ మనిషి. అలాంటి మనిషిని 1947 మార్చిలో ముఖ్య పదవిలోంచి దింపింది తెల్లవాళ్లు కాదు, ఆయన సొంత కాంగ్రెస్ పార్టీ. ఆంధ్ర కాంగ్రెస్‌లో అప్పటికే రెండు గుంపులు. ప్రకాశం గారిది ఒకటి, పట్టాభి సీతారామయ్య గారిది ఇంకొకటి. మన అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి గారు ఆ రెండో గుంపు మనిషి. 1951లో సంజీవరెడ్డి గారు ఎన్.జి. రంగా గారిని ఓడించి రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. ఆ ఏడాదే ప్రకాశం గారు, రంగా గారు ఇద్దరూ కాంగ్రెస్‌ను వదిలి చెరొక పార్టీ పెట్టుకున్నారు. 1952 ఎన్నికల తర్వాత ప్రకాశం గారు కమ్యూనిస్టులతో కలిసి కాంగ్రెస్‌కు వ్యతిరేకంగా ఐక్య సంఘటన నడిపారు. మన ఊళ్ల భాషలో చెప్పాలంటే, మాటలు పోయి పెళ్లికి, చావుకు కూడా పిలుపులు ఆగిపోయిన స్థితి అది.

అప్పుడు ఒక చావు వచ్చింది. 1952 అక్టోబరు 19న మద్రాసులో పొట్టి శ్రీరాములు గారు ఆంధ్ర రాష్ట్రం కోసం నిరాహార దీక్షకు కూర్చున్నారు. 58 రోజులు. డిసెంబరు 15 రాత్రి ప్రాణం విడిచారు. నాలుగు రోజులకు నెహ్రూ గారు రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. రాజధాని కర్నూలు. శ్రీబాగ్ మాట ప్రకారం రాజధానో హైకోర్టో సీమకు రావాలి. కోస్తా మనిషి అయిన ప్రకాశం గారు ఆ మాట వైపు నిలబడ్డారు.

రాష్ట్రమైతే వచ్చింది, నడిపేదెవరు? 140 మంది ఉన్న సభలో ఏ పార్టీకీ సొంతంగా బలం లేదు. కాంగ్రెస్ ఒంటరిగా నడపలేదు, కమ్యూనిస్టులు ఒంటరిగా నడపలేరు. కాంగ్రెస్ పక్షాన ముందున్న నాయకుడు సంజీవరెడ్డి గారు. వయసు 40. పదవి చేతికందే దూరంలో ఉంది. కానీ ఆయన ఒక అడుగు వెనక్కి వేశారు. రెండేళ్ల కింద తమ పార్టీని తిట్టి వెళ్లిపోయిన 81 ఏళ్ల ప్రకాశం గారు ముఖ్యమంత్రి అయ్యారు, సంజీవరెడ్డి గారు ఉప ముఖ్యమంత్రి అయ్యారు. ప్రకాశం గారు కూడా ఊరికే రాలేదు. తాను ఉన్న సోషలిస్టు పార్టీ ఒప్పుకోకపోతే దాన్ని వదులుకుని వచ్చారు. ఎవరు ఎవరిని పిలిచారో చెప్పడం కష్టం. ఒకరు కుర్చీ వదులుకున్నారు, ఒకరు పార్టీ వదులుకున్నారు. ఏమీ వదులుకోకుండా ఇద్దరు ఒక చోట కూర్చోవడం ఎక్కడా జరగదు, సహోదరులారా.

ఇదంతా పరిశుద్ధమైన ప్రేమతోనే జరిగిందని మేము చెప్పము. కమ్యూనిస్టులు అధికారంలోకి రాకూడదనే లెక్క కాంగ్రెస్‌కు ఉంది. ముఖ్యమంత్రి కావాలనే ఆశ ప్రకాశం గారికి ఉండవచ్చు. మనుషుల పనుల్లో లెక్క లేనిది ఏముంది? అయినా ఆ కలయిక వల్ల పనులు జరిగాయి. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం మొదలైంది. మన కడప పిల్లలు ఎంతమంది అక్కడ చదువుకున్నారో మీకే తెలుసు. గుంటూరులో హైకోర్టు వచ్చింది. 1952లో కృష్ణానది మీద బెజవాడ ఆనకట్ట తెగిపోతే, దాని స్థానంలో కొత్త బ్యారేజికి 1954లో పునాది పడింది. ఈరోజు దాన్నే ప్రకాశం బ్యారేజి అంటున్నాం.

కానీ ఆ ప్రభుత్వం పదమూడు నెలలే నిలిచింది. మద్యనిషేధం వల్ల కల్లుగీత కార్మికుల బతుకు పోయిందని గౌతు లచ్చన్న గారు వాళ్ల పక్షాన పోరాడారు. 1954 నవంబరు 6న సభలో అవిశ్వాస తీర్మానం. అనుకూలంగా 69, వ్యతిరేకంగా 68. ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయింది. రెండేళ్ల కింద ప్రకాశం గారితో కలిసి నడిచిన కమ్యూనిస్టులు ఈసారి ఆయనకు ఎదురుగా ఉన్నారు. నిన్నటి మిత్రుడు నేటి శత్రువు, నిన్నటి శత్రువు నేటి మిత్రుడు.

కథ అక్కడ ఆగలేదు. 1955 ఎన్నికల్లో కాంగ్రెస్, రంగా గారు, లచ్చన్న గారు ఉన్న కృషికార్ లోక్ పార్టీ, ప్రకాశం గారి ప్రజా పార్టీ ఒకే కూటమిగా నిలబడ్డాయి. 196 స్థానాల్లో 146 గెలిచాయి. బెజవాడ గోపాలరెడ్డి గారు ముఖ్యమంత్రి, మళ్లీ సంజీవరెడ్డి గారు ఉప ముఖ్యమంత్రి. మరుసటి ఏడు నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు కుర్చీలు తారుమారయ్యాయి. సంజీవరెడ్డి గారు ముఖ్యమంత్రి, గోపాలరెడ్డి గారు ఆయన కింద మంత్రి. నిన్న తన కింద పనిచేసినవాడి కింద ఈరోజు పనిచేయడం ఎంత కష్టమో, ఉమ్మడి కుటుంబంలో బతికిన మన ఆడవాళ్లను అడిగితే చెప్తారు.

అయితే ఆ ఏడే ఒక లోటు కూడా జరిగింది. తెలంగాణ పెద్దలతో రాసుకున్న పెద్దమనుషుల ఒప్పందంలో ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉప ముఖ్యమంత్రి రెండో ప్రాంతం వారు కావాలని ఉంది. రెండుసార్లు తానే ఉప ముఖ్యమంత్రిగా చేసిన సంజీవరెడ్డి గారు, తాను పెద్ద అయ్యాక ఆ పదవి ఎవరికీ ఇవ్వలేదు. ఒప్పందం మీద సంతకం చేసిన కె.వి. రంగారెడ్డి గారికి అది దామోదరం సంజీవయ్య గారు ముఖ్యమంత్రి అయ్యాక గానీ దక్కలేదు. పిలిచి కూర్చోబెట్టడం ఒకటి, ఇస్తామన్న చోటు ఇవ్వడం ఇంకొకటి. ఆ రోజు నిలబెట్టుకోని మాటలు తర్వాత ఎన్ని ఏళ్లు మంటలై మండాయో చరిత్ర చదివినవారికి తెలుసు.

ఇలాంటి పని పెద్ద దేశాల్లోనూ జరిగింది. 1947లో మొదటి కేంద్ర మంత్రివర్గంలో, అప్పటిదాకా కాంగ్రెస్‌తో పోరాడిన అంబేద్కర్ గారు న్యాయమంత్రి అయ్యారు. ఆయన కాంగ్రెస్ మనిషిగా మారి లోపలికి రాలేదు, అంబేద్కర్‌గానే వచ్చారు. 1951లో మనసొప్పక రాజీనామా చేసినప్పుడూ అంబేద్కర్‌గానే బయటికి వెళ్లారు. ఈ మధ్యలో దేశానికి రాజ్యాంగం వచ్చింది. దక్షిణాఫ్రికాలో 27 ఏళ్లు జైల్లో ఉన్న మండేలా గారు 1994లో అధ్యక్షుడై, తెల్లవారి ప్రభుత్వానికి ఆఖరి అధ్యక్షుడైన డి క్లర్క్‌ను ఉపాధ్యక్షుడిగా పక్కన ఉంచుకున్నారు.

ఇది చదువుతుంటే మీలో చాలామందికి మన జమ్మలమడుగే గుర్తొచ్చి ఉంటుంది. 2014లో వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున గెలిచిన ఆదినారాయణరెడ్డి గారు తెలుగుదేశంలో చేరి, 2017 ఏప్రిల్ 2న చంద్రబాబు గారి మంత్రివర్గంలో మంత్రి అయ్యారు. 2014లో ఆయన మీద పోటీచేసి ఓడిన రామసుబ్బారెడ్డి గారూ అదే పార్టీలో ఉన్నారు. 2019లో ఒకరు కడప పార్లమెంటుకు, ఒకరు జమ్మలమడుగు అసెంబ్లీకి ఒకే గుర్తు మీద నిలబడ్డారు. ఇద్దరూ ఓడిపోయారు. ఎవరిది తప్పో ఒప్పో తేల్చడం మా పని కాదు, మన సంఘంలో అన్ని పార్టీలవారూ ఉన్నారు. మేము అనేది ఒక్కటే. పైన నాయకులు చేతులు కలిపినంత సులువుగా కింద ఊళ్లలో మనసులు కలవవు.

వాక్యంలో దావీదు కథ కూడా ఇదే చెప్తుంది. రెండవ సమూయేలు గ్రంథం 17వ అధ్యాయం నుంచి 20 వరకు ఇంట్లో కూర్చుని చదవండి. అబ్షాలోము తండ్రి మీద తిరగబడినప్పుడు వాని సైన్యానికి అధిపతి అమాశా. యుద్ధం అయిపోయాక దావీదు ఆ అమాశాకే కబురు పంపాడు. నువ్వు నా రక్తసంబంధివి, యోవాబు స్థానంలో నీవే సేనాధిపతివి అన్నాడు. రాజు క్షమించాడు. కానీ రాజు పక్కన ఉన్న యోవాబు క్షమించలేదు. గిబియోను దగ్గర ముద్దు పెట్టుకునేవాడిలా అమాశా గడ్డం పట్టుకుని పొడిచేశాడు. అంతకుముందు అబ్నేరునూ అట్లే చంపాడు. దావీదు ఎదుటి పక్షాన్ని గెలుచుకున్నాడు గానీ, తన పక్షాన్ని ఒప్పించలేకపోయాడు. తన స్థానం ఇంకొకరికి ఇస్తున్నప్పుడు యోవాబుతో ముందుగా కూర్చుని మాట్లాడినట్టు ఆ కథలో ఎక్కడా లేదు.

ఇప్పుడు మా మాట. పోయిన ఏడు చర్చి ముందు రేకుల పందిరి వెయ్యాలా, ప్రహరీ కట్టాలా అని సంఘంలో రెండు మాటలు వచ్చాయి. మేము ప్రహరీ అన్నాం. నాలుగు ఇళ్లవారు పందిరి కావాలన్నారు, కాస్త గట్టిగానే అన్నారు. ఆ తర్వాత కమిటీ వేసినప్పుడు ఆ నాలుగు ఇళ్ల పేర్లు ఒక్కటీ రాలేదు. రాకుండా చూసింది మేమే. ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. ప్రహరీ లేచింది. ఆ నాలుగు ఇళ్లవారు ఇప్పటికీ ఆరాధనకు వస్తున్నారు, కానీ వాకిలి దగ్గర కూర్చుని ఆఖరి ప్రార్థనకు ముందే లేచిపోతున్నారు. మొన్న వేసవిలో ఎండకు తట్టుకోలేక ముసలివాళ్లు ఇద్దరు బయట కళ్లు తిరిగి కూలబడ్డారు. పందిరి అడిగినవారి మాటలో న్యాయం ఉందని అప్పుడు తెలిసింది.

ఈ నెల కొత్త కమిటీ. ఒక పెద్దావిడ మాతో అనింది, "అయ్యగారూ, వాళ్లను ఇడిసిపెట్టి ఏసుకుంటే అది సంఘం కమిటీ ఎట్లయితాది? మీ కమిటీ అయితాది గానీ." ఆ మాట మూడు రోజులు నిద్రపోనివ్వలేదు.

అందుకని మంగళవారం సాయంత్రం ఆ నాలుగు ఇళ్లకు మేమే వెళ్లాం. చేసింది తప్పని ఒప్పుకున్నాం. రెండు ఇళ్లవారు కాఫీ ఇచ్చారు. ఒక ఇంట్లో ఆలోచించి చెప్తామన్నారు. ఒక ఇంటివారు తలుపు తీయలేదు. ఆ ఇంటికి మళ్లీ వెళ్తాం.

ఇక మిగిలింది మన పక్షం. పోయినేడు మాతో నిలబడినవారికి ఒక విన్నపం. వచ్చే ఆదివారం ఆ పేర్లు చదివినప్పుడు మీలో కొందరికి గుండె మండుతుంది. మీ స్థానాల్లో ఒకటి రెండు వాళ్లకు పోతాయి. పైకి చిరునవ్వు, లోపల కత్తి వద్దు. మండితే ముందే మా దగ్గరికి వచ్చి చెప్పండి, కూర్చుని మాట్లాడుకుందాం. ఒక్క ఓటుతో కూలిపోయే కలయిక కాకుండా, ఒకరి మాట ఒకరు వినే సంఘంగా ఉందాం.

ప్రభువా, మా పక్కన కూర్చోవలసిన వారికి చోటు ఇచ్చే మనసు మాకు దయచేయండి. ఆ చోటు మాదే అయినప్పుడు లేచి ఇచ్చే ధైర్యం కూడా దయచేయండి. ఆమెన్.