పాతర గడ్డి (సైలేజి)

పచ్చిమేతను గాలి చొరకుండా పాతరేసి, పులియబెట్టి నిల్వచేసే పశుగ్రాసం పాతర గడ్డి. పాడి రైతులు ఎక్కువగా సైలేజి అంటారు. ఎండబెట్టే పని లేనందున వానాకాలపు మేతను వేసవికి దాచుకోవడానికి ఇది అనువైనది. ఫ్రాన్సుకు చెందిన ఒగ్యూస్త్ గోఫార్ 1877లో మొక్కజొన్న పాతరపై వెలువరించిన పుస్తకంతో ఈ పద్ధతికి ప్రచారం వచ్చింది. ఫిన్లాండ్ శాస్త్రవేత్త ఆర్తురి విర్తానెన్‌కు 1945 రసాయన శాస్త్ర నోబెల్ దక్కడానికి మేత నిల్వపై ఆయన చేసిన కృషీ కారణమే.

పాతరకు మొక్కజొన్నను మించిన పైరు లేదు. జొన్న, నేపియర్ కూడా పనికొస్తాయి. అలసంద, లూసర్న్‌లలో చక్కెర తక్కువ కాబట్టి ఒంటిగా వేస్తే సరిగా పులియవు. మొక్కజొన్నను గింజ పాలదశ దాటి పిండికట్టే వేళ కోయాలి. అప్పుడు పైరులో తేమ 65-70 శాతం ఉంటుంది. ముక్కలను గుప్పిట్లో గట్టిగా పిండితే చెయ్యి తడవాలి, నీరు మాత్రం కారకూడదు.

రెండు మూడు సెంటీమీటర్ల ముక్కలను పొరలుగా పరుస్తూ, ప్రతి పొరనూ ట్రాక్టరుతో తొక్కించి, పైన పాలిథిన్ పట్టా కప్పి బరువులు పెడతారు. మిగిలిన కాస్త ఆక్సిజన్ అయిపోగానే లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా చక్కెరను ఆమ్లంగా మారుస్తుంది. పీహెచ్ 4 దగ్గరికి దిగితే కుళ్లబెట్టే సూక్ష్మజీవులు తలెత్తలేవు. బెల్లపు మడ్డి, బ్యాక్టీరియా పొడులు కలపమనే సలహాలు చాలానే వినిపిస్తాయి. నేపియర్‌కు మడ్డి మేలే గానీ, అదనులో కోసిన మొక్కజొన్నకు దాదాపు అక్కర్లేదు. తొక్కడంలో చూపిన బద్ధకాన్ని ఏ పొడీ సరిదిద్దదు.

సుమారు 45 రోజులకు మేత సిద్ధమవుతుంది. మంచి పాతర లేత పసుపుపచ్చగా, పుల్లటి వాసనతో ఉంటుంది. ముక్కిన వెన్న కంపు కొడితే చెడినట్టే. బూజు పట్టిన భాగాన్ని పశువుకు పెట్టకూడదు. పాతరను ఒకవైపు నుంచే తెరిచి, ఏ రోజుకారోజు కావలసినంతే నిలువుగా కోసి తీయాలి. పాడిపశువుకు రోజుకు ఐదు కిలోలతో మొదలుపెట్టి 15-20 కిలోల దాకా పెంచవచ్చు. వాసన పాలకు పట్టకుండా పాలు పితికాకే వేయడం మంచిది. మొక్కజొన్న పాతరలో మాంసకృత్తులు తక్కువ కనుక చెక్క, పప్పుజాతి మేత విడిగా ఇవ్వక తప్పదు.

భూమి లేని పాడి రైతులకు ప్లాస్టిక్ చుట్టిన సైలేజి బేళ్లు అందుబాటులో ఉన్నాయి. ఎలుకలు కొరికిన చోట వెంటనే టేపు వేయకపోతే గాలి చొరబడి లోపల బూజు పడుతుంది.