ఐస్ టీకి ఓచరు



వేసవి ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి ఇమ్మని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు పెన్షన్ సవరణల గురించి రాయమంటారేమో అనుకొన్నాను. "అవి రాసేవారు చాలామంది ఉన్నారు, మీరు చల్లగా ఏదైనా రాయండి" అన్నారు. సరే, చల్లని విషయమే రాస్తున్నాను. అయితే ఇందులో నేను తీర్చవలసిన పాతబాకీ ఒకటి ఉన్నది. ఆ సంగతి ముందుగా మనవి చేసుకొంటాను.

2019 వేసవిలో జరిగిన మన సంఘ సమావేశానికి వచ్చినవారికి గుర్తుండే ఉంటుంది. ఆ రోజు మా ఆవిడా నేనూ తెల్లవారుజామునే లేచి, నిమ్మరసం కలిపిన ఐస్ టీ రెండు స్టీలు క్యాన్ల నిండా చేసి తీసుకువచ్చాము. సభ్యులు మెచ్చుకొన్నారు. ఆ ఉత్సాహంలో మైకు అందుకొని, "ఈ పానీయాన్ని కనిపెట్టినది మన భారతదేశపు టీ తరఫున వెళ్ళిన మనిషే. 1904లో అమెరికాలోని సెయింట్ లూయీ ప్రపంచ ప్రదర్శనలో పుట్టింది" అని గొప్పగా చెప్పాను. ఎక్కడో పత్రికలో చదివిన ముక్క అది.

రెండవ వరుసలో మా పాత సెక్షన్ సూపరింటెండెంటు గారు కూర్చుని ఉన్నారు. 1967లో నేను బెజవాడ ఆఫీసులో గుమాస్తాగా చేరినప్పుడు నాకు పని నేర్పినవారు. ఓచరు లేనిదే నయాపైసా బిల్లు కూడా పాస్ చేయరాదని నా చేత వందసార్లు అనిపించినవారు. అప్పటికి ఆయనకు తొంభై దగ్గర పడింది. ఆయన చెయ్యి ఎత్తి, "ఏమోయ్, దీనికి ఓచరు ఉందా?" అని అడిగారు.

నేను మైకులోనే, "అన్నింటికీ ఓచర్లు ఉండవు సార్, కొన్ని నమ్మాలి" అన్నాను. సభ నవ్వింది. ఆయనా నవ్వారు. కాని గ్లాసు కింద పెట్టేసి, తరువాత నాతో ఎక్కువ మాట్లాడకుండానే ఆటో ఎక్కారు. ఆ సంవత్సరం దీపావళి దాటిన తరువాత ఆయన స్వర్గస్థులయ్యారు. నేను ఓచరు వెతకడం మొదలుపెట్టినది ఆ తరువాతనే.

ముందు మంచు సంగతి

టీ సంగతికి ముందు ఐసు సంగతి తేలాలి. ఐసు లేనిదే ఐస్ టీ లేదు కదా. మనకు కరెంటు, యంత్రాలు రాకముందు ఐసు ఎక్కడిది?

అమెరికాలో బోస్టన్ పట్టణానికి చెందిన ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వర్తకుడు, చలికాలంలో గడ్డకట్టిన చెరువుల మంచును దిమ్మెలుగా కోయించి, రంపపుపొట్టులో కప్పి ఓడల మీద ఉష్ణదేశాలకు పంపేవాడు. 1806లో మొదటి సరుకు వెస్టిండీస్‌లోని మార్టినీక్ దీవికి వెళ్ళింది. 1833లో టస్కనీ అనే ఓడ సుమారు 180 టన్నుల మంచుతో బయలుదేరి, నాలుగు నెలల ప్రయాణం తరువాత కలకత్తా చేరింది. దారిలో కరిగినది పోగా వంద టన్నుల వరకు మిగిలింది. అంత తరుగు పోయినా లాభమే వచ్చిందంటే అప్పటి దొరల దాహం ఎంతటిదో ఊహించుకోవచ్చు.

ఆ మంచు మద్రాసుకూ వచ్చేది. దానిని దాచడానికి 1842 ప్రాంతంలో సముద్రపు ఒడ్డున కట్టిన గుండ్రని భవనమే ఐస్ హౌస్. 1972లో ట్రెయినింగుకు మద్రాసు వెళ్ళినప్పుడు బస్సు కండక్టరు "ఐస్ హౌస్, ఐస్ హౌస్" అని అరుస్తుంటే ఐస్ ఫ్యాక్టరీ అనుకొన్నాను. దిగి చూస్తే, 1897లో స్వామి వివేకానంద విదేశాల నుంచి తిరిగివచ్చి బస చేసిన భవనం అది. యంత్రాలతో ఐసు తయారుచేయడం మన దేశంలో మొదలయ్యాక ఓడల మంచు వ్యాపారం మూతపడి, ఆ భవనం వేరేవారి చేతికి వచ్చింది. నేడు దానిని వివేకానందర్ ఇల్లం అంటున్నారు.

ఇక మన ఇళ్ళలోకి ఐసు రావడం నిన్నమొన్నటి మాట. నా చిన్నతనంలో పెళ్ళిళ్ళకు ఐసు దిమ్మెను గోనెపట్టాలో చుట్టి రిక్షా మీద తెచ్చేవారు. హైదరాబాదులో 1942లో స్థాపించిన ఆల్విన్ కంపెనీ తరువాతి కాలంలో చేసిన ఫ్రిజ్ ఒకటి, లోను పెట్టి కొని మా ఇంటికి తెచ్చిన రోజున వీధివాళ్ళంతా ఐసుముక్కల కోసం గిన్నెలతో వచ్చారు.

దొరికిన ఓచర్లు

మా అమ్మాయి అమెరికాలో అట్లాంటాలో ఉంటున్నది. అక్కడ హోటలులో టీ అడిగితే చల్లనిదే తెస్తారనీ, "తీపిదా, తీపి లేనిదా" అన్నది ఒక్కటే ప్రశ్న అనీ చెప్పింది. ఆ దేశంలో తాగే టీలో అధికభాగం చల్లనిదేనట. సూపరింటెండెంటు గారి సంగతి ఫోనులో చెప్పుకొని బాధపడితే, "నాన్నా, పాత పుస్తకాలన్నీ ఇప్పుడు కంప్యూటర్లో దొరుకుతాయి, వెతుకుదాం" అన్నది. వెతికాము. వరుసగా మనవి చేస్తున్నాను.

మొదటిది: 1879లో మేరియన్ కాబెల్ టైరీ అనే ఆవిడ వర్జీనియా గృహిణుల వంటకాలను సేకరించి "హౌస్‌కీపింగ్ ఇన్ ఓల్డ్ వర్జీనియా" అనే పుస్తకం ప్రచురించారు. అందులో ఐస్ టీ ఉన్నది. ఉదయం గ్రీన్ టీ ఆకు మీద వేడినీరు పోసి ఉంచి, మధ్యాహ్న భోజనవేళకు వడకట్టి, సాయంత్రం దాకా నిలవనిచ్చి, గ్లాసు నిండా ఐసు వేసి, పంచదార కలిపి పోయాలి. పైన నిమ్మచెక్క పిండితే రుచికీ ఆరోగ్యానికీ మంచిదని కూడా రాశారు. అంటే నిమ్మరసం సహా అంతా ఉన్నది.

రెండవది: 1884లో వచ్చిన మిసెస్ లింకన్ గారి బోస్టన్ వంటల పుస్తకంలోనూ నిమ్మచెక్కతో ఐస్ టీ ఉన్నది.

మూడవది: 1890 సెప్టెంబరులో మిస్సోరీ రాష్ట్రంలోని నెవాడా అనే ఊళ్ళో మాజీ సైనికుల సమావేశం జరిగింది. ఒక విధంగా మన సంఘం వంటిదే. ఆ భోజనాల పద్దును స్థానిక పత్రిక ప్రచురించింది. అందులో 880 గ్యాలన్ల ఐస్ టీ కనబడుతున్నది. సుమారు మూడువేల మూడువందల లీటర్లన్నమాట! ఇది చూసిన రోజున సూపరింటెండెంటు గారు ఉంటే ఎంత సంతోషించేవారో.

అంటే 1904 నాటికి ఐస్ టీ వయస్సు కనీసం పాతికేళ్ళు. మరి ఆ 1904 కథ అబద్ధమా? పూర్తిగా కాదు. భారత తేయాకు ప్రచార కమిషనరు రిచర్డ్ బ్లెచిండెన్ అనే ఇంగ్లీషాయన సెయింట్ లూయీ ప్రదర్శనలో వేడి టీ పంచబోతే ఎండవేడికి ఎవరూ ముట్టలేదనీ, ఐసుతో చల్లబరచి ఇస్తే జనం ఎగబడ్డారనీ చెబుతారు. అంతకు ముందు సంవత్సరమే, 1903లో, ఎగుమతి అయ్యే టీ మీద సెస్సు వేసి ఆ సొమ్ముతో విదేశాలలో ప్రచారం చేయడానికి మన దేశంలో చట్టం వచ్చింది. ఇంటి పానీయంగా ఉన్నదానిని వేలమంది నోటికి అందించిన ఖ్యాతి ఆయనకు ఇవ్వవచ్చు. కనిపెట్టిన ఖ్యాతి మాత్రం పేరు తెలియని గృహిణులది.

"మన మనిషి" అని నేను మైకులో అన్నమాట కూడా దిద్దుకోవాలి. ఆయన మన మనిషి కాడు. ఆ ఆకు కోసినవారు మాత్రం మనవాళ్ళు. అస్సాం తోటలకు గంజాం, విశాఖ ప్రాంతాల నుంచి కూలీలను తీసుకువెళ్ళేవారు. 1882 నాటి చట్టం ప్రకారం ఒప్పందం ముగియకుండా పారిపోయిన కూలీని వారంటు లేకుండానే పట్టుకొనే అధికారం తోటల యజమానులకు ఉండేది. ఈనాటికీ అస్సాం తోటలలో తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. గర్వపడదలచుకుంటే వారిని తలచుకొని గర్వపడాలి.

తయారుచేసే విధానం

చరిత్ర చెప్పి గ్లాసు ఇవ్వకపోతే సభ్యులు క్షమించరు. నలుగురికి సరిపడే లెక్క ఇది.

లీటరు నీరు తెర్లించి దింపి, నాలుగు చెంచాల టీ ఆకు వేసి, మూతపెట్టి, నాలుగైదు నిమిషాలకు వడకట్టాలి. ఆకును నీటిలో మరిగించరాదు, వగరెక్కుతుంది. మనం రోజూ వాడే గుండ్రని సన్నపలుకుల టీ కంటే పొడవాటి ఆకు రకం దీనికి మేలు. డికాక్షను పూర్తిగా చల్లారిన తరువాతనే ఫ్రిజ్‌లో పెట్టాలి. వేడిమీద పెడితే మబ్బుపట్టినట్లు అవుతుంది. టీలోని వగరు పదార్థాలు, కెఫీన్ కలిసి చలికి విడిపోవడమే దానికి కారణం. చెడిపోయిందని పారబోయనక్కరలేదు. కాసిని వేడినీళ్ళు కలిపితే తేరుకొంటుంది.

వడ్డించే ముందు రెండు నిమ్మకాయల రసం, ఒక బత్తాయి రసం కలపాలి. గింజలు నలగరాదు, చేదెక్కుతుంది. నిమ్మరసం పడగానే టీ రంగు తేలికపడుతుంది. మొదటిసారి చూసి మా ఆవిడ కంగారుపడింది గాని, పులుపుకు టీ రంగు మారడం సహజమే. చిటికెడు ఉప్పు, నాలుగు పుదీనా ఆకులు వేయవచ్చు. పాలు మాత్రం కలపరాదు, విరిగిపోతాయి. ఐసు కాచి చల్లార్చిన నీటితో ఇంట్లో చేసినదే వాడాలి. బయటి ఐసు ఏ నీటితో చేశారో మనకు తెలియదు. మిగిలినది మరునాటికి ఉంచవద్దు.

మన వయస్సువారికి నాలుగు మాటలు. షుగరు ఉన్నవారు పంచదార లేకుండా తాగాలి, బత్తాయి రసం కూడా తగ్గించుకోవాలి. భోజనంతో పాటు టీ తాగితే ఆహారంలోని ఇనుము సరిగా ఒంటబట్టదు, గంట ఎడం ఉంచాలి. సాయంత్రం పొద్దుపోయాక తాగితే నిద్ర పట్టదు. పిల్లల దగ్గరకు అమెరికా వెళ్ళినవారు అక్కడ దొరికే గ్రేప్‌ఫ్రూట్ రసం కలుపుకొనే ముందు డాక్టరును అడగండి. కొన్ని కొలెస్టరాల్, బి.పి. మాత్రలతో అది పడదు. ఇక్కడి పంపరపనస విషయంలోనూ అదే జాగ్రత్త అవసరం.

పాతబాకీ

ఓచర్లు దొరికిన తరువాత ఆ కాగితాలన్నీ జిరాక్స్ తీయించి, పైన కవరింగ్ లెటరు పెట్టి, సూపరింటెండెంటు గారి ఇంటికి వెళ్ళాను. వారి శ్రీమతిగారు ఓపికగా విన్నారు. "ఆ రోజు ఇంటికి వచ్చి మీ టీ చాలా బాగుందన్నారు బాబూ. గ్లాసులో సగం వదిలేసింది కోపం వల్ల కాదు, షుగరు వల్ల" అన్నారు. నేను ఏమీ అనలేకపోయాను. ఆ రోజు పంచదార ఎంత వేశామో చెప్పనే లేదు, వద్దనేవారికి విడిగా ఉంచనూ లేదు. నాకు కథ మీద ఉన్న ధ్యాస వినేవారి మీద లేకపోయింది.

కనుక సూపరింటెండెంటు గారూ, 2019 సమావేశంలో నేను పాస్ చేసిన బిల్లుకు ఓచరు లేదు. మీ అభ్యంతరం సరైనదే. ఇప్పుడు 1879 నాటి ఓచరు జతపరచి, తప్పును అచ్చులో సరిదిద్దుకొంటున్నాను. ఈసారి వేసవి సమావేశానికి కూడా రెండు క్యాన్లు తెస్తాము. ఒకదాని మీద "పంచదార లేనిది" అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది.

సభ్యులందరికీ చల్లని వేసవి కోరుకొంటూ, సెలవు.