శాటర్న్ కార్: ఒకే బ్రాండ్, రెండు రీకాల్స్

ఈ ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకోబోయే కార్‌ని మన దేశంలో ఎప్పుడూ అమ్మలేదు. అమెరికాలో కూడా ఇప్పుడు తయారు కావట్లేదు. పేరు శాటర్న్. జనరల్ మోటార్స్, అంటే జీఎం పెట్టిన బ్రాండ్. దీని కథలో చాలా రీకాల్స్ ఉన్నాయి గానీ, నాకు రెండే ముఖ్యం. రీకాల్ అంటే తెలుసుగా, అమ్మేసిన బండిలో లోపం బయటపడితే కంపెనీయే పిలిచి ఫ్రీగా బాగుచేసి ఇవ్వడం. ఒకటి 1991లో, ఇంకోటి 2014లో.

1991ది ముందు చెప్తా. శాటర్న్ అమ్మకాలు మొదలై ఏడాది కూడా కాలేదు. ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్‌ని సప్లై చేసిన కంపెనీ తప్పుగా కలిపి పంపింది. అది లోపల భాగాల్ని తినేసే రకంగా తయారైంది. అలాంటి కూలెంట్ పోసిన కార్లు 1,836 బయటికి వెళ్లిపోయాయి. మామూలుగా అయితే ఏం చేస్తారు? రండి, కడిగి కొత్తది పోసి ఇస్తాం అంటారు. శాటర్న్ వాళ్లు ఆ 1,836 కార్లకీ బదులు కొత్త కార్లే ఇచ్చేశారు. అమెరికాలో జనం నోరెళ్లబెట్టారు. ఎందుకంటే అప్పటికి జీఎం పేరు చెబితే ఇలాంటి పని ఎవరూ ఊహించరు.

ఎందుకు ఊహించరో తెలియాలంటే 1980ల మొదటికి వెళ్లాలి. 1980లో కార్ల తయారీలో జపాన్ అమెరికాని దాటేసింది. పెట్రోల్ రేట్లు పెరిగాక అమెరికా జనం టొయోటా, హోండా, డాట్సన్ చిన్న కార్లు కొని, ‘అరే, ఇవి రిపేర్‌కి రావట్లేదే’ అని ఆశ్చర్యపోతున్న రోజులు అవి. జీఎం చిన్న కార్లకేమో పేరు పాడైపోయి ఉంది. పైగా ఫ్యాక్టరీల్లో మేనేజ్‌మెంట్ ఒక వైపు, యూనియన్ ఒక వైపు. షోరూమ్‌కి వెళితే సేల్స్‌మన్ ఒక రేటు చెప్పడం, కస్టమర్ ఒక రేటు చెప్పడం, మధ్యలో ‘ఒక్క నిమిషం, మా మేనేజర్‌ని అడిగొస్తా’ అని లోపలికి వెళ్లడం. కోటిలో బట్టలు బేరమాడటం వేరు, అది సరదాగా ఉంటుంది. కార్ విషయంలో ఎవరు ఎంతకి కొన్నారో ఎవరికీ తెలియని బేరం అది. అక్కడి జనానికి పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లినంత కంపరం.

జీఎం ఛైర్మన్ రోజర్ స్మిత్ 1983లో ఒక ప్రకటన చేశాడు. కొత్త చిన్న కార్ తయారు చేస్తాం, పాత పద్ధతులన్నీ పక్కన పెడతాం అని. అంతరిక్ష పోటీ రోజుల్లో అమెరికాని చంద్రుడి దాకా తీసుకెళ్లిన రాకెట్ పేరే దీనికి పెట్టారు. 1984లో యూనియన్ వాళ్లూ మేనేజర్లూ కలిసి 99 మందితో ఒక గ్రూప్ వేసి, మంచి కంపెనీలు ఎలా నడుస్తున్నాయో తిరిగి చూసి రమ్మన్నారు. 1985 జనవరిలో శాటర్న్ కార్పొరేషన్ పుట్టింది. మొత్తం 500 కోట్ల డాలర్ల ప్రాజెక్ట్ అని అనుకున్నారు, తర్వాత తగ్గించారు.

ఫ్యాక్టరీ మా రాష్ట్రంలో పెట్టండంటే మా రాష్ట్రంలో పెట్టండని కొందరు గవర్నర్లు టీవీ షోకి కూడా వచ్చి అడిగారు. మన దగ్గర కియా ప్లాంట్ వచ్చే ముందు రాష్ట్రాలు పోటీ పడ్డట్టు అనుకోండి. చివరికి టెనెస్సీ రాష్ట్రంలో స్ప్రింగ్ హిల్ అనే ఊరికి దక్కింది. అప్పుడు ఆ ఊరి జనాభా సుమారు వెయ్యి.

ఇక్కడ కొంచెం ఆగుదాం. నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది కార్ కాదు, ఆ ఫ్యాక్టరీలో యూనియన్‌తో చేసుకున్న ఒప్పందం. జీఎం మిగతా ప్లాంట్లలో ఉద్యోగ నియమాల పుస్తకం లావుగా ఉండేది. శాటర్న్‌ది పల్చటి పుస్తకం. జీతంలో కొంత భాగం గ్యారంటీ, మిగతాది ట్రైనింగ్, క్వాలిటీ, లాభాల మీద ఆధారపడి ఉంటుంది. దానికి బదులుగా నిర్ణయాల్లో కార్మికులకి వాటా. టీమ్‌లో ఎవర్ని తీసుకోవాలో టీమే చూసుకుంటుంది. లోపం కనిపిస్తే లైన్ ఆపే హక్కు ప్రతి ఒక్కరికీ ఉంది. ఇదంతా పేపర్ మీద రాసుకున్న మాటలే అనుకోకండి. 1991లో పై నుంచి ‘ఇంకా ఎక్కువ కార్లు తీయండి’ అని ఒత్తిడి వస్తే, అప్పటి జీఎం ఛైర్మన్ రాబర్ట్ స్టెంపెల్ ప్లాంట్‌కి వచ్చిన రోజు కార్మికులు చేతికి నల్ల, నారింజ రంగు పట్టీలు కట్టుకుని నిరసన తెలిపారు. జీతం కోసం కాదండీ, క్వాలిటీ తగ్గించమంటున్నారని! ఇలాంటి నిరసన గురించి నేను ఇంకెక్కడా చదవలేదు.

మొదటి కార్ 1990 జూలై 30న లైన్ దిగింది. రోజర్ స్మిత్ రిటైర్ అవడానికి సరిగ్గా ముందు. యూనియన్ అధ్యక్షుడు ఓవెన్ బీబర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఆయనే నడిపాడు. అమ్మకాలు అక్టోబర్‌లో. బేస్ మోడల్ రేటు 7,995 డాలర్లు.

సరే, కార్ ఎలా ఉండేది? నిజం చెప్పాలంటే మామూలుగా ఉండేది. ఇంజిన్ శబ్దం ఎక్కువ. లోపల ప్లాస్టిక్ చవగ్గా ఉండేది. కొన్నాళ్లకి ఇంజిన్ ఆయిల్ తాగడం మొదలుపెట్టేది. పిస్టన్‌లో ఆయిల్ కిందకి దిగాల్సిన రంధ్రాలు లేకపోవడం వల్ల రింగులు పట్టేసేవి. పాత శాటర్న్ ఓనర్లు ఎవరైనా సరే డిక్కీలో ఒక ఆయిల్ డబ్బా పెట్టుకుని తిరిగేవాళ్లే. కానీ ఆయిల్ చూసుకుంటూ పోస్తే బండి చాలా ఏళ్లు నడిచేది. తలుపులు, పక్క ప్యానెల్స్ పాలిమర్‌వి. షాపింగ్ కార్ట్ గుద్దినా సొట్ట పడేది కాదు, మంచు కురిసే ఊళ్లలో రోడ్డు మీద చల్లే ఉప్పుకి ఆ తలుపులు తుప్పు పట్టేవి కావు. ఎండకి ప్లాస్టిక్ వ్యాకోచిస్తుంది కాబట్టి ప్యానెల్స్ మధ్య సందులు మాత్రం వెడల్పుగా వదిలారు. అందంగా ఉండేది కాదు.

మరి జనం ఎందుకు పడిచచ్చారు? కొనే పద్ధతి చూసి. అద్దం మీద రాసిన రేటే రేటు. మీకూ అదే, పక్కింటాయనకీ అదే. పక్కపక్కనే రెండు షోరూమ్‌లు పోటీ పడకుండా ఒక్కో డీలర్‌కి ఒక పెద్ద ఏరియా ఇచ్చారు కాబట్టి ఈ పద్ధతి నిలబడింది. కార్ నచ్చకపోతే 30 రోజుల్లో, 1,500 మైళ్ల లోపు వెనక్కి ఇచ్చేయొచ్చు. డెలివరీ రోజున షోరూమ్ స్టాఫ్ అంతా చుట్టూ చేరి చప్పట్లు కొట్టి, ఫొటో తీసి ఇచ్చేవాళ్లు. కొంచెం అతిగా అనిపిస్తుంది, ఒప్పుకుంటా. కానీ జీవితంలో మొదటి కార్ కొనుక్కున్న వాళ్లకి, ముఖ్యంగా షోరూమ్‌లో ఎవరూ సీరియస్‌గా తీసుకోని ఆడవాళ్లకి, కుర్రాళ్లకి, అది చిన్న విషయం కాదు. 1990ల మొదట్లో కస్టమర్ల తృప్తి సర్వేల్లో లెక్సస్, ఇన్ఫినిటీ లాంటి ఖరీదైన కార్ల వెనకే ఈ చవక కార్ నిలబడింది.

1993లో ఇంకో సమస్య. వైరింగ్‌లో మంటలు వచ్చే ప్రమాదం ఉందని తేలి 3,50,000 పైగా కార్లు వెనక్కి పిలిచారు. ఇలాంటప్పుడు ఏ బ్రాండ్ అయినా పరువు పోగొట్టుకుంటుంది. శాటర్న్ డీలర్లు ఏం చేశారంటే, రిపేర్‌కి వచ్చిన వాళ్లకి బార్బెక్యూలు పెట్టారు. దాచకుండా, విసుక్కోకుండా చేశారు కాబట్టి ఓనర్లు తిట్టుకోలేదు.

ఇక 1994 జూన్. ‘మీ కార్ పుట్టిన ఊరికి రండి’ అని కంపెనీ ఓనర్లందర్నీ స్ప్రింగ్ హిల్‌కి పిలిచింది. వచ్చింది ఎంతమంది? సుమారు 44 వేల మంది! సెలవులు పెట్టుకుని, పిల్లల్ని వెనక సీట్లో వేసుకుని, సొంత ఖర్చులతో రాష్ట్రాలు దాటి వచ్చారు. ఫ్యాక్టరీ లోపల తిరిగారు, తమ కార్లు బిగించిన వర్కర్లతో మాట్లాడారు. వైనోనా కచేరీ కూడా జరిగింది. మనవాళ్లు హీరో ఫంక్షన్‌కి అలా వెళతారు. వీళ్లు వెళ్లింది ఒక చవక కార్ ఫ్యాక్టరీ చూడటానికి. ఆ ఏడాది అమ్మకాలు 2,86,003. శాటర్న్ మళ్లీ ఎప్పుడూ ఆ నంబర్ దాటలేదు.

ఎందుకు దాటలేదు? జీఎం లోపల షెవర్లే, పోంటియాక్, ఓల్డ్స్‌మొబిల్ లాంటి అన్నదమ్ములు చాలామంది. మా డబ్బంతా తీసుకెళ్లి ఈ కొత్త పిల్లకి పోస్తున్నారని వాళ్ల గొడవ. 1992లో జీఎం 23.5 బిలియన్ డాలర్ల నష్టం చూపించింది. అందులో పెద్ద భాగం లెక్కల పద్ధతి మారడం వల్లే, అయినా చేతిలో డబ్బు లేదన్నది నిజం. 1994లోనే శాటర్న్‌ని జీఎం చిన్న కార్ల విభాగం కిందకి తెచ్చారు. కొత్త మోడళ్లకి డబ్బులు ఇవ్వలేదు. 1991 మోడల్‌గా వచ్చిన చిన్న కార్‌నే పైపైన మార్పులతో 2002 దాకా లాగించారు. 1991లో పెళ్లి కాని కుర్రాడిగా శాటర్న్ కొన్న మనిషికి 1997 వచ్చేసరికి ఇద్దరు పిల్లలు. పెద్ద బండి కావాలి. శాటర్న్ షోరూమ్‌కే వెళ్లాలని ఉంది, కానీ అక్కడ పెద్ద బండి లేదు. హోండా సీఆర్-వి, టొయోటా రావ్4 అప్పటికే రోడ్ల మీద ఉన్నాయి. శాటర్న్ ఎస్‌యూవీ వ్యూ 2001 చివరికి గానీ రాలేదు. అందులో కొన్నిటికి పెట్టిన సీవీటీ గేర్‌బాక్స్‌లు పాడైపోయి కోర్టు కేసుల దాకా వెళ్లింది.

మధ్యలో వచ్చిన పెద్ద కార్ ఎల్-సిరీస్‌ని డెలావేర్‌లో వేరే జీఎం ప్లాంట్‌లో, ఓపెల్ కార్ ఆధారంగా తయారు చేశారు. అంటే పేరు శాటర్న్, మనుషులు వేరు. 2003 చివర్లో స్ప్రింగ్ హిల్ కార్మికులు ఆ ప్రత్యేక ఒప్పందాన్ని వదిలేసి, మిగతా ప్లాంట్లకి ఉన్న మామూలు ఒప్పందానికే ఓటేశారు. వాళ్లని తప్పు పట్టలేం. పంచుకుందాం అన్న లాభమే లేనప్పుడు ఇంక వాటా దేనికి?

2009లో జీఎం దివాలా తీసింది. శాటర్న్‌ని అమ్మేద్దాం అనుకుంటే రేసింగ్ టీమ్ యజమాని రోజర్ పెన్స్కే ముందుకొచ్చాడు. జూన్‌లో ఒప్పందం ప్రకటించారు, డీలర్లు ఊపిరి పీల్చుకున్నారు. ఆయన ప్లాన్ ప్రకారం జీఎం ఆపేశాక కార్లు వేరే కంపెనీ తయారు చేసి ఇవ్వాలి. ఆ కంపెనీ రెనో అని వార్తలొచ్చాయి. దాని బోర్డు ఒప్పుకోలేదు. సెప్టెంబర్ 30న డీల్ పోయింది, బ్రాండ్ పోయింది. జీఎం 2017 చివర్లో ఇండియాలో అమ్మకాలు ఆపేసినప్పుడు మన షెవర్లే ఓనర్లకి వచ్చిన ప్రశ్నే అక్కడ వాళ్లకీ వచ్చింది: రేపు స్పేర్ పార్ట్ కావాలంటే ఎవర్ని అడగాలి?

ఇప్పుడు రెండో రీకాల్. 2003 మోడల్ నుంచి పాత చిన్న కార్ స్థానంలో అయాన్ అనే కార్ వచ్చింది. దాని ఇగ్నిషన్ స్విచ్, అంటే తాళం చెవి తిప్పే చోట ఉండే స్విచ్, మరీ వదులుగా ఉండేది. గుంతలో పడ్డా, మోకాలు తగిలినా, తాళాల గుత్తి బరువుగా ఉన్నా అది ‘రన్’ నుంచి జారిపోయేది. నడుస్తున్న బండిలో ఇంజిన్ ఆగిపోతుంది, పవర్ స్టీరింగ్ పోతుంది. దేన్నైనా గుద్దితే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోదు. ఈ లోపం 2001లోనే, అయాన్ ఇంకా టెస్టింగ్‌లో ఉండగానే కనిపించిందని జీఎం తర్వాత ప్రభుత్వానికి ఇచ్చిన కాగితాల్లోనే ఉంది. అయినా కార్ వచ్చింది. అదే స్విచ్ షెవర్లే కోబాల్ట్‌లోకి కూడా వెళ్లింది.

2006లో స్విచ్ డిజైన్‌ని గట్టిగా ఉండేలా మార్చారు, కానీ పార్ట్ నంబర్ మార్చలేదు. నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను కాబట్టి ఇది చదివినప్పుడు ఒళ్లు మండింది. బగ్ ఫిక్స్ చేసి వెర్షన్ నంబర్ అలాగే ఉంచితే, ఎవరి దగ్గర పాత కోడ్ ఉందో, ఎవరి దగ్గర కొత్తది ఉందో ఎలా తెలుస్తుంది? తెలియదు. ఇక్కడా అదే జరిగింది. కొత్త కార్లలో ప్రమాదాలు ఎందుకు తగ్గాయో అర్థం కాలేదు, పాత కార్లు రోడ్డు మీదే ఉండిపోయాయి. చివరికి జార్జియాలో కోబాల్ట్ ప్రమాదంలో చనిపోయిన ఒక అమ్మాయి తల్లిదండ్రులు వేసిన కేసులో, బయటి ఇంజినీర్ ఒకాయన పాత స్విచ్‌నీ కొత్త స్విచ్‌నీ పోల్చి చూస్తే విషయం బయటపడింది.

2014లో ప్రపంచవ్యాప్తంగా 26 లక్షల కార్లు రీకాల్ చేశారు. ఈ స్విచ్ వల్ల చనిపోయిన వాళ్లుగా పరిహార నిధి గుర్తించింది 124 మందిని. తర్వాతి ఏడాది అమెరికా ప్రభుత్వంతో రాజీకి జీఎం 90 కోట్ల డాలర్లు కట్టింది. ఆ స్విచ్ భాగం ఖరీదు 57 సెంట్లు అని కాంగ్రెస్ విచారణలో చెప్పారు.

అయాన్ ఓనర్లకి ఉత్తరం వచ్చేసరికి శాటర్న్ షోరూమ్ ఒక్కటి కూడా లేదు. షెవర్లే లాంటి వేరే జీఎం డీలర్ దగ్గరికి వెళ్లాలి. కొత్త స్విచ్‌లు సరిపడా లేవు, చాలామంది నెలల తరబడి ఎదురుచూశారు. అప్పటిదాకా కంపెనీ ఇచ్చిన సలహా ఒక్కటే. గుత్తిలోంచి ఇంటి తాళాలు, కీచైన్, ఇంకేమున్నా అన్నీ తీసేసి, కార్ తాళం చెవి ఒక్కదాన్నే పెట్టి బండి నడపండి అని.