కంపు ఒకప్పుడు కమ్మగానే ఉండేది

స్కూల్లో వ్యతిరేక పదాలు రాయమంటే సువాసన × దుర్వాసన అని రాసి మార్కులు కొట్టేసేవాళ్ళం. ఆ రెండూ అరువు సరుకే, అసలు 'వాసనే' సంస్కృతం. మరి అచ్చతెలుగులో ఏమనేవాళ్ళు? కంపు!

ముక్కు మూసుకోకండి. పాత తెలుగులో కంపు అంటే వాసన, మంచిదైనా చెడ్డదైనా. 'కమ్మని', 'కమ్మదనం' దానికి దగ్గర చుట్టాలే. ఒకే ఇంట్లో పుట్టి ఒకటి పాయసం గిన్నె దగ్గర కూర్చుంది, ఇంకోటి మురిక్కాలవలో పడింది.

మా చిత్తూరోళ్ళకి ఈ తేడా బస్సెక్కితే చాలు, తెలిసిపోతుంది. పలమనేరు దాటి ముళబాగిలు వెళ్ళారనుకోండి, కన్నడంలో కంపు ఇప్పటికీ పరిమళమే. మల్లెపూల కంపు అని మెచ్చుకుంటారు. ఇటు నగరి దాటి తిరుత్తణి వెళ్తే (1960 దాకా అది మన జిల్లాదే లెండి) కంపుకి పట్టిన గతే పట్టిన తమిళ మాట ఒకటి వినబడుతుంది: నాట్రం. ఇవాళ్టి మాటల్లో దుర్వాసన. కానీ ధనుర్మాసంలో తిరుమలలో సుప్రభాతం బదులు తిరుప్పావై చదువుతారు కదా, అందులో పదో పాశురంలో ఆండాళ్ స్వామి తులసి పరిమళానికి వాడింది ఈ మాటే! వెయ్యేళ్ళ పైబడిన పాట కాబట్టి అర్థం తెలిసినవాళ్ళెవరూ ఉలిక్కిపడరు.

ఎందుకిలా జారుతాయి? నా లెక్క ఇది. సుగంధం, పరిమళం, సౌరభం లాంటి పెద్ద పేర్లొచ్చి పై అంతస్తు తీసేసుకున్నాయి. పాత కాపురానికి కింది వాటా మిగిలింది. ఇంగ్లీషు 'స్టింక్' కూడా పాతరోజుల్లో ఉత్త వాసనే. ఇప్పుడు 'వాసన' వంతొచ్చినట్టుంది. "అన్నం వాసనొస్తోంది" అంటే ఎవరైనా తింటారా? అంతకన్నా గట్టిగా చెప్పాలంటే కంపు, అదీ చాలకపోతే మా సీమలో గబ్బు. గబ్బు కింద ఇంక మెట్టు లేదు.

మనవాళ్ళు తెలుగుకి సెంటిమెంట్ ఎనాలిసిస్ చేసేటప్పుడు మాటకో మార్కు వేసి వదిలేస్తే ఇక్కడే తంటా. కంపు = మైనస్ ఒకటి, అయిపోయింది. ఏ కాలం, ఏ ఊరు అనే కాలమ్ ఆ టేబుల్లో ఉండదు. మూడు రాష్ట్రాలు కలిసే కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టారు. ఆ కాలమ్ నింపడానికి అంతకన్నా మంచి చోటు నాకు తోచట్లేదు. అప్పటిదాకా పాత పద్యంలో పువ్వుల కంపుని మన ప్రోగ్రాం కస్టమర్ కంప్లైంటు కిందే లెక్కేస్తుంది.