తిథ్వాలు కొండపై కరంసింగ్

రాజుల జయాపజయములను, సేనానుల వ్యూహములను చరిత్రకారులు విస్తరించి వ్రాయుదురు. కందకములలో నిలిచి నెత్తురు ధారవోసిన సామాన్య సైనికునకు అందు ఒక పంక్తియైనను దక్కుట అరుదు. అట్టి సైనికులలో ఒకని వృత్తాంతమును ఈ రజతోత్సవ సంచిక మూలమున మన పాఠకులకు తెలియజేయుచున్నాను.

కరంసింగ్ 1915లో పంజాబునందలి సెహ్నా గ్రామమున ఒక రైతు కుటుంబములో జన్మించెను. 1941లో సైన్యమున చేరి, సిక్కు రెజిమెంటులోని మొదటి పటాలమున పనిచేసెను. రెండవ ప్రపంచ యుద్ధమున బర్మా రంగమందు చూపిన పరాక్రమమునకు మిలిటరీ మెడలు అను పతకమును పొందెను.

1947 అక్టోబరులో కాశ్మీరముపై దండయాత్ర ప్రారంభమయ్యెను. మరుసటి యేడు మే 23వ తేదీన భారత సేన కిషన్‌గంగా నది చెంతనున్న తిథ్వాలును స్వాధీనపరచుకొనెను. దానిని తిరిగి గైకొనుటకు శత్రువులు పలుమార్లు యత్నించిరి. అచటి రిచ్‌మార్ గలీ అను కనుమ చేజిక్కినచో శ్రీనగరము వైపు దారి దొరకునని వారి తలంపు. ఆ కనుమకు ముందున్న కావలిస్థానమున లాన్సు నాయక్ కరంసింగ్ ఒక చిన్న దళమునకు నాయకుడై యుండెను.

1948 అక్టోబరు 13వ తేదీన శత్రువులు ఫిరంగి గుండ్లు కురిపించుచు పైబడిరి. బంకరులు నేలమట్టమయ్యెను. వెనుకనున్న అధికారితో సంబంధము తెగిపోయెను. తూటాలు తరిగిపోవుచుండెను. తోడ్పాటు వచ్చు ఆశ లేదని గ్రహించి, కరంసింగ్ ప్రధాన స్థానమునకు మరలుటకు నిశ్చయించెను. అప్పటికే ఆతడు గాయపడియుండెను. అయినను నడువలేని ఇరువురు సహచరులను విడిచి రాలేదు. మరియొక సైనికుని సాయముతో వారిని గుండ్ల నడుమనుండి తీసికొనివచ్చెను.

మరల రెండు గాయములు తగిలినను చికిత్సకై వెనుకకు పోవ నిరాకరించి, కందకములవెంట ప్రాకుచు తనవారికి ధైర్యము చెప్పెను. అయిదవ దాడిలో ఇద్దరు శత్రువులు మిక్కిలి సమీపించిరి. తుపాకి పేల్చినచో తనవారికే తగులును. అందుచే ఆతడు కందకమునుండి వెలికురికి, ఆ యిద్దరిని బాయొనెట్టుతో కూల్చెను. నాడు మొత్తము ఎనిమిది దాడులు జరిగెను; ఎనిమిదియు విఫలమయ్యెను.

ప్రభుత్వము ఆతనికి పరమవీరచక్రము నొసగెను. ఆ పతకముపై ఇంద్రుని వజ్రాయుధ చిహ్నము గలదు. దేవతల రక్షణకై తన యెముకలనే దానమిచ్చిన దధీచి కథ మన పల్లెలలో ఎరుగనివారు లేరు. ఆ యుద్ధమునకు సంబంధించి పరమవీరచక్రము పొందిన ఐదుగురిలో ముగ్గురు రణభూమియందే నేలకొరిగిరి. బ్రతికినవారిద్దరిలో కరంసింగ్ ఒకడు. గౌరవ కెప్టెనుగా ఉద్యోగవిరమణ చేసి, 1993లో స్వర్గస్థుడయ్యెను.

శత్రువును చంపుట యుద్ధధర్మమే. కాని గాయపడినవానికి తప్పుకొను హక్కు గలదు. ఆ హక్కును తోటివారికొరకు వదలుకొనుటలోనే కరంసింగ్ గొప్పతనము గలదు. ఒక రైతుబిడ్డ చేసిన ఈ కార్యము మన గ్రామ యువకుల హృదయములలో నిలుచుగాక.